కంపెనీ ఫోనులో సొంత మాట

ఫలక్‌నుమా ప్రాంతముననే ఫరూఖ్‌నగర్ బస్సు డిపో కలదు. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థవారు 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి 11 డిపోలలో ప్రయోగపూర్వకముగా ప్రవేశపెట్టిన యొక నిబంధనకు, గ్రేటర్ హైదరాబాదునుండి కూకట్‌పల్లితోపాటు ఎంపికయిన డిపో అది. ఆ నిబంధన ననుసరించి డ్రైవరు డ్యూటీ ఎక్కకముందే తన సొంత సెల్‌ఫోనును ఆపివేసి డిపోలోని సెక్యూరిటీవారి చేతికిచ్చి, బండి తిరిగివచ్చి డ్యూటీ ముగిసినపిమ్మట మరల పుచ్చుకొనవలెను. ఈ నడుమ ఇంటివారికి అత్యవసరమైన కబురేదేని యున్నచో డిపో మూలమున పంపవలెను. డిపోలో ఫోనులు ఇట్లు అప్పగింపబడుచున్న వేళకే, ఫలక్‌నుమా స్టేషనులో లింగంపల్లి పోవు లోకలు రైలెక్కి హైటెక్‌సిటీలో దిగబోవు యువకుల జేబులలో రెండేసి ఫోనులుండును: ఒకటి తనది, రెండవది కంపెనీవారిచ్చినది. మొదటివాడు పనిలోనున్నంతసేపు తన ఫోనును విడువవలెను; రెండవవాడు పని ముగించి ఇల్లు చేరినను కంపెనీ ఫోనును విడువజాలడు. మనుష్యుని జీవితములో ఎంతభాగము యజమానిది, ఎంతభాగము తనది యను పురాతనమైన లెక్క, అరచేతిలో పట్టు ఈ యంత్రము మూలమున మరల మొదటినుండి వేయవలసివచ్చినది.

నా చెల్లెలి కొడుకు ఆ రెండవ తెగవాడు. మొన్నటి యొక సాయంత్రము చాయ్ త్రాగుచు, బల్లపై బోర్లించిన రెండవ ఫోనును చూపి, “మామా, ఇది ఆఫీసు ఫోను. దీంట్ల నేనేం జూస్తున్ననో వాళ్లకు ఎరుకైతదా?” అని గొంతు తగ్గించి అడిగినాడు. గొంతు తగ్గించుటయే నన్ను ఎక్కువగా తాకినది. ఆ యంత్రము వినుచున్నదేమోయని అతని సందేహము. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు చట్టములను, న్యాయస్థానముల తీర్పులను, ఫోనుల నిర్మాణమును కొంతకు కొంత చదివి కూర్చినదే ఈ వ్యాసము.

ఆఫీసు సొత్తును సొంతపనికి వాడుకొనుట సెల్‌ఫోనుకంటె ఎంతో పాతది. ఆఫీసు కాగితముమీద కూతురి పెండ్లిపత్రిక చిత్తుప్రతి వ్రాసుకొనని గుమాస్తా ఏ దఫ్తరులోనైన నుండెనా యన్నది నా సందేహము. డయలు తిప్పు టెలిఫోనుల కాలమున, ఆ డయలు రంధ్రములో చిన్న తాళము బిగించి తాళపుచెవిని హెడ్‌క్లర్కు తన జేబులో వేసికొని పోవుట, ట్రంకుకాలునకు రిజిస్టరు పెట్టి సొంతమా సర్కారీయా యని వ్రాయించుకొని సొంతమైనచో జీతములో కోసికొనుట, తరువాత వచ్చిన ఎస్.టి.డి. లాకు — ఇవి అరువదియేండ్లు దాటిన వారందరికిని జ్ఞాపకముండును. ఆ తాళమునకు కావలసినది పైసలు మాత్రమే. ఉద్యోగి తన తమ్మునితో ఏమి మాటలాడెనో హెడ్‌క్లర్కునకు అక్కరలేదు. ఎన్ని నిమిషములు మాటలాడెనో చాలును. మాట తీగవెంట పోయి గాలిలో కలసిపోయెడిది గనుక, విని దాచుకొనవలెనన్నను అది అందరికి సాధ్యమయ్యెడిదియు కాదు.

దాచుకొనగలిగినవారు లేకపోలేదు. ఇంగ్లండులోని మెర్సీసైడ్ పోలీసుశాఖలో అసిస్టెంటు చీఫ్ కానిస్టేబులుగా పనిచేసిన ఏలిసన్ హాల్‌ఫర్డు తనకు పదోన్నతి రాకుండుటకు స్త్రీయగుటయే కారణమని ఫిర్యాదు చేసినపిమ్మట, ఆమె ఆఫీసు టెలిఫోను సంభాషణలను పై అధికారులు చాటుగా వినినట్లు బయటపడినది. ఆ గదిలో ఆమెకు రెండు టెలిఫోనులుండగా, అందొకటి ప్రత్యేకముగా సొంతవాడుకకే ఇయ్యబడినది. ఫోను ప్రభుత్వముది, తీగ ప్రభుత్వముది, గది ప్రభుత్వముది; ఐనను 1997లో యూరపు మానవహక్కుల న్యాయస్థానము, ఆ సంభాషణలు ఆమె ఆంతరంగిక జీవితములోనివేయని నిర్ణయించినది. నేటి వివాదమునకంతకును బీజము అందే కలదని నాకు తోచుచున్నది: వస్తువు ఒకరిదగుటయు, అందులోని మాట వేరొకరిదగుటయు ఏకకాలమున సంభవమే.

ఇది అర్థము చేసికొనుటకు ఫలక్‌నుమావారు ఇంగ్లండు పోనక్కరలేదు. కొండమీది ఫలక్‌నుమా మహలును 1884లో కట్ట నారంభించినది వికారుల్ ఉమ్రా. తరువాత అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను చేతికి వచ్చినది. 2010నుండి అందులో హోటలు నడుచుచున్నది. కట్టినవారొకరు, ఏలినవారొకరు, నడపుచున్నవారొకరు, రాత్రికి బస చేయు అతిథి మరియొకరు. హోటలువారు గదికి తాళము కలవారే. దుప్పట్లు మార్చుటకు తలుపు తట్టి లోనికి వత్తురు. నిప్పంటుకొన్నచో తట్టకయే వత్తురు. అంతమాత్రమున అతిథి దిండుక్రింద పెట్టుకొన్న ఉత్తరమును విప్పి చదువుటకు వారికి అధికారము వచ్చెనని ఎవరును అనరు. కంపెనీ ఫోనునుగూర్చి చెప్పవలసినదంతయు ఇంచుమించు ఈ తలుపు తట్టుటలోనే ఇమిడియున్నది. చిక్కంతయు ఆ తట్టుట యెప్పుడు, ఎవరు, ఎంత బిగ్గరగా అను వివరములలో నున్నది.

మన న్యాయశాస్త్రములో ఈ భావమునకు స్థిరత్వము కల్పించిన తీర్పులలో ఒకటి హైదరాబాదు వ్యవహారమే యగుట విశేషము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో స్టాంపుల చట్టములోని 73వ సెక్షనును సవరించి, సుంకము ఎగవేసిన పత్రములకొరకు బ్యాంకులలో సైతము ప్రవేశించి వెదకుటకును, పట్టుకొనిపోవుటకును అధికారులకు విశాలమైన అనుమతి నిచ్చెను. ఖాతాదారు తన పత్రమును బ్యాంకులో పెట్టినాడు గనుక అతని గోప్యత అంతటితో తీరిపోయినదను వాదమును, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును జరిగిన ఆ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2004లో త్రోసిపుచ్చినది. గోప్యత స్థలమును కాక మనిషిని అంటిపెట్టుకొనియుండునని, పత్రము పరుల పెట్టెలో నున్నను అతని హక్కు నశింపదని ఆ తీర్పు సారాంశము. బ్యాంకు లాకరునకు బదులు కంపెనీ ఫోను, దస్తావేజునకు బదులు భార్య పంపిన వాట్సాప్ సందేశము — ఇట్లు మార్చి చదివినచో ఆ తీర్పు నేటి ఉద్యోగికి ఎంత చేరువయో తెలియును. ఆ విత్తనమే 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యములో గోప్యతను మౌలికహక్కుగా ప్రకటించునప్పటికి మహావృక్షమైనది.

అయితే మౌలికహక్కు సాధారణముగా ప్రభుత్వముపై చెల్లునది; ప్రైవేటు కంపెనీ ప్రభుత్వము కాదు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ వ్యాజ్యములో రాజ్యాంగ ధర్మాసనములోని అధికసంఖ్యాకులు 19, 21 అధికరణముల హక్కులు ప్రభుత్వేతరులపై సైతము చెల్లునని చెప్పియున్నారు. అది శుభారంభమే, కాని ఆ మాటను పట్టుకొని గచ్చిబౌలి గుమాస్తా తన మేనేజరుపై రిట్టు వేసి గెలుచుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో లెక్కించు ధైర్యము నాకు లేదు.

ఇంటిలోని గూఢచర్యముపై మన హైకోర్టు వెలువరించిన యొక తీర్పును ఇచట స్మరింపవలె. భార్య తన తల్లిదండ్రులతోను, స్నేహితులతోను ఫోనులో మాటలాడిన మాటలను ఆమెకు తెలియకుండ భర్త రికార్డు చేసి విడాకుల వ్యాజ్యములో సాక్ష్యముగా పెట్టగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, భర్తయైనను భార్య గోప్యతను అట్లు భంగపరుపరాదని, ఆ రికార్డులు సాక్ష్యమునకు పనికిరావని తీర్పు చెప్పినది. 2008 నాటి లా రిపోర్టులలో అది కలదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు వేరొక దంపతుల వ్యాజ్యములో ఇందుకు భిన్నముగా, చాటుగా రికార్డు చేసినదైనను దాంపత్య వివాదములలో సాక్ష్యముగా స్వీకరింపవచ్చునని నిర్ణయించినది. కాలము గోప్యతవైపే నిరంతరము నడచుచున్నదని ఊరడిల్లువారు ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మంచిది.

ఇక 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చూతము. ఈ చట్టము అపరాధులకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపగలదని పత్రికలు పెద్ద యక్షరములతో వ్రాసినవి. ఉద్యోగికి కావలసిన వాక్యము మాత్రము 7వ సెక్షనులో ఒకమూల నున్నది. ఉద్యోగ ప్రయోజనములకొరకును, యజమానిని నష్టమునుండి, బాధ్యతనుండి కాపాడుటకొరకును — వ్యాపారరహస్యములు బయటపడకుండుట, గూఢచర్యము జరుగకుండుట మొదలగునవి దృష్టాంతములు — ఉద్యోగి సమ్మతి లేకయే అతని సమాచారమును వాడుకొనవచ్చునని దాని భావము. యజమాని తన రహస్యములను కాపాడుకొనుట న్యాయమే. కాని ఉద్యోగ ప్రయోజనములు అను మాట ఎంత వెడల్పు! అందులో హాజరుపట్టీయు పట్టును, అర్ధరాత్రి ఎక్కడ తిరుగుచున్నాడో చూపు పటమును పట్టును.

అంతకంటె సూక్ష్మమైన లోపము వేరొకటి కలదు. ఏ సమాచారము ఎందుకు తీసికొనుచున్నారో తెలుపు నోటీసును ఇంగ్లీషుననే కాక రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను అవకాశమీయవలెనని ఈ చట్టము చెప్పినది. తెలుగు, ఉర్దూ రెండును అందున్నవి గనుక ఇది పాతబస్తీకి వరముగా కనబడును. కాని ఆ నోటీసు సమ్మతి నడుగు సందర్భమునకు ముడిపెట్టబడినది. సమ్మతియే అక్కరలేదన్న చోట నోటీసు మాత్రమేల? నాగూర్చి మీవద్ద నేమున్నదో చూపుడని యడుగు 11వ సెక్షను హక్కుగూడ సమ్మతి యిచ్చినవారికే చెందునట్లు వ్రాయబడినది. అనగా ఒక బట్టలదుకాణమువాడు నా ఫోను నెంబరు తీసికొన్నచో వానిని నిలదీయు హక్కు నాకున్నది. పగలు రేయి నా జేబులో తన యంత్రము నుంచిన యజమానిని నిలదీయు హక్కు మాత్రము సందేహాస్పదము. చట్టము వ్రాసినవారు ఉద్యోగిని యజమాని కుటుంబములోని పిల్లవానివలె భావించిరేమో! నియమావళి 2025 నవంబరులో ప్రకటింపబడినది. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల పిమ్మట, అనగా 2027 మే నెలలో అమలునకు వచ్చును.

పరదేశములలో ఈ తగవు ఎట్లు తీరినదో చూచినచో తీర్పులలోని భేదము ఆయా సమాజముల స్వభావమును తెలుపును. అమెరికాలో కాలిఫోర్నియాలోని అంటారియో అను చిన్న నగరమువారు తమ పోలీసులకు పేజరు లిచ్చి నెలకు 25,000 అక్షరముల హద్దు పెట్టిరి. హద్దు దాటిన సార్జెంటొకడు అదనపు సొమ్ము తానే చెల్లించుచుండెను. హద్దు తక్కువయైనదేమో పరీక్షింతమని సందేశములను తెప్పించి చూడగా అందు ఆఫీసుపనికంటె సొంతమాటలే అధికముగా, కొన్ని శృంగారపు మాటలుగా కనబడినవి. 2010లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శోధన సమంజసమేయని తేల్చినది. ఫ్రాన్సు దీనికి పూర్తిగా వ్యతిరేకము: నికాన్ కంపెనీ వ్యాజ్యములో అచటి అత్యున్నత న్యాయస్థానము 2001లోనే, యజమాని సొంతవాడుకను నిషేధించియున్నను, అతని కంప్యూటరులోని ఉద్యోగి సొంత ఉత్తరములను విప్పరాదని చెప్పినది. కెనడా సుప్రీంకోర్టు 2012లో ఒక ఉపాధ్యాయుని వ్యాజ్యమున నడిమి మార్గము త్రొక్కి, పాఠశాలవారి ల్యాప్‌టాపుపై గోప్యతాపేక్ష తగ్గునే కాని తుడిచిపెట్టుకొని పోదనినది.

వీనిలో నెల్ల ఎక్కువ సేపు నిలిచి చూడదగినది రొమేనియాకు చెందిన బర్బులెస్కు వ్యాజ్యము. బుకారెస్టులోని యొక ప్రైవేటు కంపెనీ, ఖాతాదారుల ప్రశ్నలకు సమాధానము లిచ్చుటకై తన ఉద్యోగియగు బర్బులెస్కుచే యాహూ మెసెంజరు ఖాతా తెరిపించినది. 2007 జూలైలో కొన్నిదినములు ఆ ఖాతాను కనిపెట్టి చూచి, సొంతపనులకు వాడినావని యడిగిరి. లేదు, ఆఫీసుపనికే వాడినానని అతడు వ్రాసి యిచ్చినాడు. అంతట నలువదియైదు పుటల వ్రాతప్రతిని అతని ముందు పెట్టిరి. అందు సోదరునితోను, పెండ్లాడబోవు కన్యతోను అతడు జరిపిన సంభాషణలు, ఆరోగ్య విషయములు, దాంపత్య విషయములు సైతము అక్షరమక్షరము కలవు. ఆగస్టు 1న ఉద్యోగము పోయినది. అతడు అబద్ధమాడిన మాట నిజమే. సొంతవాడుక నిషిద్ధమని ముందే తెలిసిన మాటయు నిజమే. అందుచేతనే 2016లో యూరపు న్యాయస్థానపు చిన్న ధర్మాసనము కంపెనీ పక్షము వహించినది. మరుసటి యేట సెప్టెంబరు 5న మహాధర్మాసనము 11–6 ఓట్లతో ఆ తీర్పును త్రిప్పివేసినది.

ఆ త్రిప్పుటలో న్యాయస్థానము వేసిన ప్రశ్నలు నేడు ప్రతి కంపెనీ గోడపై వ్రాసి తగిలింపదగినవి. సొంతవాడుక కూడదనుట వేరు, కూడదన్నందున మీ మాటల సారమునే చదువుదుమని చెప్పుట వేరు. ఈ రెండవది అతనికి ముందుగా చెప్పితిరా? ఎన్నిసార్లు మాటలాడెనో చూచిన సరిపోవుచోట ఏమి మాటలాడెనో ఏల చదివితిరి? అంత దూరము పోవుటకు తగిన కారణ మేమి? ఇంతకంటె సున్నితమైన ఉపాయము లేకపోయెనా? చదివినదానిని ఎందుకు వాడితిరి? అతనికి రక్షణగా ఏ యేర్పాటుంచితిరి? యజమాని ఆజ్ఞ ఎంత కఠినమైనను, పనిచేయుచోట మనిషికుండు సాంఘిక జీవితమును అది శూన్యముగా చేయజాలదని ఆ తీర్పు సారము. నాకు ఇదియే సరియైన మార్గముగా తోచుచున్నది. తప్పుచేసిన ఉద్యోగికి సైతము వర్తించు హక్కే హక్కు గదా.

న్యాయస్థానములు గ్రంథములు వ్రాయుచుండగా ఫోను చేసినవారు ఈ సమస్యను వేరు మార్గమున సగము తీర్చినారు. ఆండ్రాయిడు ఫోనులలో 2014నుండి వర్క్ ప్రొఫైలను ఏర్పాటు కలదు: ఒకే ఫోనులో నడుమ గోడ కట్టి, ఒకవైపు ఆఫీసు యాపులు, మరియొకవైపు సొంతవి ఉంచుట. అది ముఖ్యముగా ఉద్యోగి తన ఫోనులో ఆఫీసుపని చేసికొనుటకై యేర్పడినది. కంపెనీయే కొనియిచ్చి సొంతవాడుకకుగూడ అనుమతించు ఫోనులలో మాత్రము ఆ గోడకు కంపెనీవైపునుండి కిటికీ యుండెడిది. సొంతభాగములో ఏయే యాపులున్నవో ఐ.టి. వారు చూడగలిగెడివారు. 2020లో వచ్చిన ఆండ్రాయిడు 11తో ఆ కిటికీ మూయబడినది. ఇప్పుడు అట్టి ఫోనులో సొంతభాగపు యాపుల పట్టికయు, అందలి వాడుకయు కంపెనీకి కనబడవు. కొన్ని నిషేధములు విధించుటకు మాత్రము వీలున్నది: ఈ యాపు సొంతభాగములో సైతము పెట్టకూడదనవచ్చును, కెమెరా మూయవచ్చును, ఆఫీసుభాగమును ఇన్నిదినములకంటె ఎక్కువ ఆపియుంచరాదనవచ్చును. చూడకయే కట్టడి చేయుట యను ఈ పద్ధతి నాకు మెచ్చదగినదిగా కనబడినది. కాపలావాడు గేటువద్ద నిలిచి యింటిలోనికి తొంగిచూడకుండుట వంటిది.

ఆపిల్‌వారి పద్ధతి కొంత వేరు. కంపెనీ నిర్వహణక్రింద నున్న ఐఫోనులో యాపుల పట్టిక ఐ.టి. వారికి కనబడవచ్చును గాని, ఆ నిర్వహణద్వారమున సందేశములు, ఫొటోలు, కాల్సు చూచుటకు వీలులేదు. ఫోను ఎచటనున్నదో తెలిసికొనవలెనన్నచో దానిని పోయినదిగా ప్రకటించి తాళము వేయవలెను. అట్లు వెదకిన సంగతి తరువాత వాడుకరికి తెలియును. దొంగను పట్టుటకు పనికివచ్చి, ఉద్యోగిని వెంబడించుటకు పనికిరాని యేర్పాటిది.

కాని నా మేనల్లుని ప్రశ్నకు ఇంతటితో నిశ్చింతగా సమాధానము చెప్పవచ్చుననుకొనుట పొరపాటు. ఫోనంతయు కంపెనీ నిర్వహణలోనే యుండు వేరొక పద్ధతియు వాడుకలో కలదు; అందు గోడయే లేదు, సొంతగది యనునదియే లేదు. గోడ యున్న ఫోనులో సైతము, ఆఫీసుభాగపు ఇంటర్నెట్టంతయు కంపెనీ వి.పి.ఎన్. గుండ పోవునట్లు చేసినచో ఆ భాగమున ఏయే సైట్లు చూచితివో అక్కడ నమోదగును; కంపెనీవారి సర్టిఫికెట్టును ఆ భాగములో పాతినచో రహస్యలిపిని సైతము నడుమ విప్పి చదువుట సాధ్యము. హాజరుకొరకో, డెలివరీకొరకో పెట్టించిన ప్రత్యేకమైన యాపునకు లొకేషను అనుమతి నొకసారి యిచ్చినచో, ఫోను నిర్మాతలు పడిన శ్రమయంతయు ఆ ఒక్క యాపు ముందు వ్యర్థము. చివరకు ఉద్యోగము మానునాడు ఫోనును తిరిగి యిచ్చునప్పుడు అందు మిగిలియున్నదంతయు కంపెనీ చేతికి పోవును.

ఆ మానుటలోనే యొక దుఃఖము కలదు. జంగంమెట్‌లో మాకు ఎరుకపడిన యొక యువకుడు ఉదయము రాజీనామా పంపగా, సాయంత్రమునకు కంపెనీవారు దూరమునుండియే ఫోనును తుడిచివేసిరి. ఆఫీసు రహస్యములతోపాటు అతని కూతురి తొట్టెల పండుగ ఫొటోలు సైతము పోయినవి, వేరొకచోట దాచుకొనలేదు. కంపెనీ చేసినది వారి పత్రము ననుసరించి సక్రమమే కావచ్చును. కాని గోడ కట్టిన ఆండ్రాయిడు ఫోనులలో ఆఫీసుభాగమును మాత్రమే తొలగించి, సొంతభాగమును చెక్కుచెదరకుండ విడిచిపెట్టు వీలున్నది. ఆ మీటకు బదులు అంతయు తుడుచు మీటను నొక్కుటకు కారణము ద్వేషము కాదు, అజాగ్రత్త. ఒక్కదినము గడువిచ్చినచో ఆ తండ్రి ఫొటోలు దక్కెడివి.

యజమానుల పక్షమునను చెప్పవలసిన న్యాయమున్నది. బ్యాంకు ఖాతాల వివరములు, ఆసుపత్రి రోగుల వివరములు కలిగిన ఫోను, తలుపుకడ్డీ పట్టుకొని వ్రేలాడు జనముతో క్రిక్కిరిసిన లోకలులో జారిపోయినచో నష్టపోవునది కంపెనీ యొక్కటియే కాదు, ఆ వివరములు నమ్మి యిచ్చిన వేలమంది సామాన్యులు గూడ. దూరమునుండి తుడుచు శక్తి లేకుండ అట్టి ఫోనును చేతికిచ్చుటయే బాధ్యతారాహిత్యము. ఊరుపేరు లేని యాపు నొకటి ఆటకొరకు దింపుకొని అందువెంట వైరసును ఆఫీసులోనికి తెచ్చిన మహానుభావులును కలరు. ఫరూఖ్‌నగర్ డ్రైవరు విషయములోను నేను సంస్థ పక్షమే: బస్సులోని ప్రయాణికుల ప్రాణములకు అతని చేతిలోని ఫోను ప్రత్యక్షశత్రువు. పైగా అతని ఫోనును తీసికొని దాచుచున్నారే గాని విప్పి చదువుటలేదు. కాలమునకు హద్దు కలదు, కారణము అందరికి తెలియును, ముందే చెప్పబడినది, ఇంటికబురు అందుటకు దారి యున్నది. కఠినమైన నిబంధనయైనను మర్యాదతో కూడియుండవచ్చునని చెప్పుటకు దీనినే నేను దృష్టాంతముగా తీసికొందును. కొండాపూరులోని మెత్తని కుర్చీలలో వ్రాయబడిన ఎన్నో ఫోను పాలసీలకు ఈ నాలుగు లక్షణములలో రెండైనను ఉండవు.

గోప్యతనుగూర్చిన ఈ చర్చ యంతయు ఇంజనీర్లకొరకే జరుగుచున్నదా యను శంక నన్ను బాధించుచున్నది. చండీగఢ్, పంచకుల, నాగపూరు నగరములలో పారిశుద్ధ్య కార్మికుల ముంజేతులకు జి.పి.ఎస్. గడియారములు కట్టి ఎవరెచ్చట నిలిచిరో, ఎంతసేపు నిలిచిరో తెరపై చూచిన కథ పత్రికలలో వచ్చినదే. ఆ గడియారమునకు ఆఫీసుభాగము, సొంతభాగము అను గోడ లేదు. 2018లో ప్రారంభమైన పోషణ్ అభియాన్‌క్రింద అంగన్‌వాడీ కార్యకర్తలకు సర్కారీ ఫోను లిచ్చిరి. అవి నాసిరకమువని, యాపు మోయజాలవని 2021లో మహారాష్ట్ర కార్యకర్తలు వేలసంఖ్యలో ఫోనులను తిరిగి యిచ్చివేసిరి. కంపెనీ ఫోను ఒకనికి హోదా, ఇంకొకనికి సంకెల. చదువుకొన్న ఉద్యోగికి గోడ కట్టియిచ్చిన సాంకేతికత ఊడ్చువారికి ఏల కట్టియీయలేదో యజమానులు గాక ప్రభుత్వములే చెప్పవలసియున్నది.

ఫోను పరుల చేతికి పోయినచో ఎట్లుండునో పాతబస్తీవారికి ఎవరును బోధింపనక్కరలేదు. 2021 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు వీధులలో వాహనదారుల నాపి, వారి ఫోనులు తెరిపించి, వాట్సాప్ సంభాషణలలో గంజాయి ప్రస్తావనకొరకు వెదకుచున్న దృశ్యములు వెలువడి దేశమంతట చర్చ జరిగినది. అదే సంవత్సరము మే నెలలో పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను ఆపి ఫొటో తీసిన సంఘటనయే, ముఖగుర్తింపు యంత్రాంగముపై తెలంగాణ హైకోర్టులో ఆయన వేసిన వ్యాజ్యమునకు మూలము. వీధిలో ఎవడైన ఆపి ఫోను చూపుమన్నచో చూపక తప్పదను అలవాటు పడినవాడు, ఆఫీసులో మేనేజరు చూపుమన్నప్పుడు ఎందుకని యడుగుట కల్ల. ఏ చట్టముకంటెను, ఏ సాంకేతికతకంటెను ముందు సరిచేయవలసినది ఈ అలవాటే.

కంపెనీలు చేయవలసినది అంత కష్టమైనదియు కాదు. ఫోను చేతికిచ్చునాడే, మేము ఇది చూతుము, ఇది చూడము, ఇది చూడగలము గాని ఫోను పోయిననాడు తప్ప చూడము అని మూడు ముక్కలలో తెలుగునను, ఉర్దూనను ఒక కాగితము వ్రాసి యీయవలె. చట్టము బలవంతపెట్టలేదని ఊరకుండరాదు. లొకేషను పనివేళలకే పరిమితము కావలె. చూచు అధికార మెవనికున్నదో, చూచినప్పుడెల్ల ఎచట నమోదగునో తెలిసియుండవలె. పైయధికారికి క్రిందివాని ఫోనుపై కుతూహలము పుట్టినంతమాత్రమున మీట నొక్కుటకు వీలుండరాదు. విడిచిపోవువానికి తన వస్తువులు తీసికొనుటకు గడువుండవలె. సొంతవాడుకను పూర్తిగా నిషేధించుటకంటె, కొంత అనుమతించి గోడ కట్టుట మేలని నా యభిప్రాయము. నిషేధించినను మనుష్యుడు తల్లికి ఫోను చేయక మానడు, మానకున్నచో అబద్ధమాడును, బర్బులెస్కు ఆడినట్లే.

నా మేనల్లుడు సంతకము చేసిన పత్రమును తెప్పించి చూచితిని. పదునొకండు పుటలు, అంతయు ఇంగ్లీషు. తాను మొదటి పుట చదివి పదునొకండవ పుటలో సంతకము పెట్టినానని చెప్పినాడు. ఇద్దరము రెండు సాయంత్రములు కూర్చుండి చదివితిమి. లొకేషను సంగతి తొమ్మిదవ పుటలో నున్నది. వర్క్ ప్రొఫైలు ఉన్నదని, సొంతభాగమును చూడమని ఆరవ పుటలో నున్నది. అది చదివినపిమ్మట అతడు గొంతు తగ్గించుట మానినాడు. సెలవుదినములలో ఆ ఫోనును ఆపియుంచరాదని మాత్రము, అతడు రెండేండ్లుగా నమ్మియున్నను, పత్రములో ఎక్కడను లేదు. గడచిన మూడు ఆదివారములు దానిని ఆపి బీరువాలో పెట్టినాడు. సోమవారమునాడు ఎవరును ఏమియు అడుగలేదు.